గోడలో మెట్లు, పైకెక్కితే ఏమీ లేదు: ఇంగ్లండ్ పల్లెటూరి చర్చి గురించి డౌటు

కావలి_ఓవర్సీరు:

అందరికీ నమస్కారం. మాది కావలి, ఇరిగేషన్లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యా, ఇప్పుడు మా అమ్మాయి దగ్గరికి మూడు నెల్లకని వచ్చుండా. వాళ్ళుండేది ఇంగ్లండ్లో తూర్పు పక్క, రాసేది నార్విచ్, పలికేది నారిచ్, ఎందుకని అడగబాకండి. కూతురూ అల్లుడూ డ్యూటీకి పోతే నాకు ఇంట్లో టీవీ చూడలేక బస్సెక్కి పల్లెలు తిరగతా ఉండా. ఏ పల్లె చూసినా వంద గడప కూడా ఉండదు గానీ రాతి చర్చి మాత్రం ఖచ్చితంగా ఉంటది. తలుపుకి తాళం ఉండదు, లోపల మనిషుండడు, తోస్తే కిర్రుమంటది అంతే.

మొన్న పోయిన చర్చిలో ఒకటి చూసినాక రాత్రి నిద్ర పట్టలా. నేను దేవుడి సంగతి అడగటం లేదు, కట్టుబడి సంగతి అడగతా ఉండా. జనం కూర్చునే పెద్ద హాలుకీ ఆ తూర్పు పక్క చిన్న గదికీ మధ్యన పెద్ద ఆర్చి ఉంది. ఆర్చి పక్కన గోడ మందంలోనే సన్నటి రాతి మెట్లు పైకి పోతున్నాయి, మనిషి పక్కకి తిరిగి ఎక్కాలి అంత ఇరుకు. అడ్డంగా తాడు కట్టుండారు కాబట్టి ఫోన్ లైటేసి చూశా. పైన ఒక చిన్న వాకిలుంది, ఆ వాకిట్లోంచి బయటికి అడుగేస్తే పది పన్నెండడుగుల కింద హాల్లో పడేదే! మిద్దె లేదు, వసారా లేదు, ఏమీ లేదు. గాల్లోకి మెట్లు కట్టినోడు ఎవుడబ్బా?

ఇంకా ఉండాయి. కిటికీలు ఒకదానికొకటి సంబంధం లేదు, ఒకటి సన్నగా బాణం లాగా, ఒకటి పైన రాతి అల్లికతో, ఇంకోటి బో వెడల్పు. టవరేమో బావి వరల్ని పైకి లేపినట్టు గుండ్రంగా ఉంది, మూలలే లేవు. చిన్న గది హాలుకి సూటిగా లేదు, కాస్త ఎడమకి తిరిగింది, మా సెక్షన్లో ఎవుడన్నా అట్టా కడితే బిల్లు ఆపేసేవాణ్ణి. గోడలన్నీ తెల్లటి సున్నం, ఒక్క చోట మాత్రం పెచ్చు లేచి కింద ఎర్ర రంగు కనపడతా ఉంది. తెలిసినోళ్ళు చెప్పండి సామీ.


చెన్నకుంట_నెల్లూరు:

అంకుల్ మెట్లు ఫోటో పెట్టండి ముందు. గంట కొట్టేవాడికేమో?


ఒంగోలు_ఆర్కిటెక్ట్:

గంట కోసం కాదు తమ్ముడూ, గంటలుండేది టవర్లో. నేను పాత కట్టడాల రిపేరు మీద అక్కడ ఏడాదిన్నర చదివా, ఆ మెట్లు బాగా తెలుసు, మొదటిసారి చూసినప్పుడు నేనూ ఇదే అడిగా.

పెద్దాయనా, మీరు హాలు అన్నదాన్ని నేవ్ అంటారు, తూర్పు గదిని ఛాన్సెల్ అంటారు. మన గుళ్ళో ముఖమంటపం గర్భగుడి అనుకోండి కాసేపు, సరిగ్గా అదే కాదు గానీ జనం యాడ నిలబడాలి పూజారి యాడ నిలబడాలి అనే తేడా వరకూ సరిపోతుంది. ఆ రెంటికీ మధ్య ఆర్చి కింద ఒకప్పుడు చెక్కతో చేసిన అడ్డు ఉండేది, దాన్ని రూడ్ స్క్రీన్ అంటారు. పాత ఇంగ్లీషులో రూడ్ అంటే సిలువ. స్క్రీన్ మీద సన్నటి అటక, ఆ పైన సిలువ మీద యేసు, ఒక పక్క మరియమ్మ, ఇంకో పక్క యోహాను చెక్క విగ్రహాలు. పండగప్పుడు ఆ అటకెక్కి కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు, కొన్ని చోట్ల అక్కడ నిలబడి పాడేవాళ్ళు. మీరు చూసిన మెట్లు ఆ అటకకి దారి. అటక పోయింది, దారి మిగిలింది.

ఎందుకు పోయిందంటే అదో పెద్ద తమాషా, మన ఊళ్ళలో ప్రభుత్వం మారినప్పుడల్లా పంచాయతీ ఆఫీసుకి రంగు మారుస్తారు చూడండి, అచ్చం అదే. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1534లో పోప్‌తో తెంచుకున్నాడు గానీ లోపలి బొమ్మల జోలికి పెద్దగా పోలేదు. ఆయన కొడుకు ఎడ్వర్డ్ 1547లో గద్దెనెక్కాక విగ్రహాలన్నీ తీసెయ్యమన్నారు, తీసేశారు. 1553లో ఎడ్వర్డ్ అక్క మేరీ, పోప్ పక్షం మనిషి, రాణిగా వచ్చి మళ్ళీ పెట్టమంది, పాపం ఊరోళ్ళు మళ్ళీ చందాలేసుకుని పెట్టారు. 1558లో ఎలిజబెత్ వచ్చింది, 1561లో అటకలు పీకెయ్యండి, కింద స్క్రీన్ ఉంటే ఉండనివ్వండి అని ఆర్డరు. పన్నెండు పదమూడేళ్ళలో ఒకే పల్లె వడ్రంగి ఒకే చోట పీకి, పెట్టి, పీకి. చెక్కయితే పీకొచ్చు, గోడ లోపల కట్టిన రాతి మెట్లని పీకితే ఆర్చి కదులుద్ది గదా, అందుకే వదిలేశారు.

స్క్రీన్ ఎట్టుండేదో చూడాలంటే మీరుండే ఊరికి దగ్గర్లోనే రాన్వర్త్ అని పల్లె ఉంది, సెయింట్ హెలెన్ చర్చి. అక్కడ 15వ శతాబ్దం స్క్రీన్ రంగుల బొమ్మలతో సహా ఉంది, తప్పకుండా చూడండి.


కావలి_ఓవర్సీరు:

అబ్బా! పొద్దుటి నుంచి మా ఆవిడకి మూడుసార్లు చెప్పినా ఇది. రాతి మెట్లు పీకితే ఆర్చి కదులుద్ది అన్నారు చూడండి, ఆ మాట ఇంజనీరు మాట. మరి కిటికీలు, వంకర?


ఒంగోలు_ఆర్కిటెక్ట్:

కిటికీలు వయసు చెప్తాయి. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచినాక కట్టినవి పైన గుండ్రటి ఆర్చి, మందపు గోడలు, చిన్న కంతలు. 1180 దాటాక మొన తేలిన ఆర్చి వచ్చింది, మీరు బాణం అన్నారే, అది ఆ కాలంది. లెక్క కోసం చెప్తున్నా, మీ నెల్లూరులో తిక్కన గారు మనుమసిద్ధి కొలువులో ఉండి భారతం రాస్తున్న రోజుల్లో అక్కడ మేస్త్రీలు ఈ బాణం కిటికీలు చెక్కుతున్నారు. తర్వాత రాతి అల్లిక, అది 1275 తర్వాత వందేళ్ళు. ఆ పైన వెడల్పు కిటికీ, కింది నుంచి పైదాకా నిట్టనిలువు రాతి కమ్మీలు, అది 1350 నుంచి 1540 దాకా. లావెన్‌హామ్ అని సఫోక్‌లో ఒక ఊరుంది, ఉన్ని వ్యాపారంతో బలిసిన ఊరు, అక్కడి చర్చి టవర్ 141 అడుగులు, కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి కోట పట్టుకున్న టైముకి ఆ టవర్ పని ఇంకా నడస్తానే ఉంది. ఈ శైలులకి పేర్లు పెట్టింది థామస్ రిక్‌మన్ అనే ఆయన, 1817లో. కట్టిన మేస్త్రీలకి తాము ఫలానా శైలిలో కడుతున్నామని తెలీనే తెలీదు.

ఒక్క జాగ్రత్త. కిటికీని బట్టి గోడ వయసు చెప్పబాకండి. గోడ పాతది, కిటికీ కొత్తది అయ్యుండొచ్చు. డబ్బులొచ్చినప్పుడు ఒకడు పాత కంతని పగలగొట్టి తన పేరు మీద పెద్ద కిటికీ పెట్టిస్తాడు. మన దగ్గర మూలవిరాట్టు ఎప్పటిదో ఉంటది, గాలిగోపురం నిన్నటిది ఉంటది, అట్టాగే.


కందుకూరు_సుబ్బులు:

వంకర సంగతి నాకు తెలుసు! మా ఆఫీసులో ఇంగ్లీషు ఆవిడ చెప్పింది, సిలువ మీద యేసు తల పక్కకి వాలిపోయింది గదా, దానికి గుర్తుగా ఛాన్సెల్‌ని కావాలనే పక్కకి తిప్పి కడతారంట. ఏడ్చే ఛాన్సెల్ అంటారంట. ఎంత బాగుందో.


ఒంగోలు_ఆర్కిటెక్ట్:

బాగుంది అక్కా, కానీ నిజం కాదు. చర్చి గైడు పుస్తకాల్లో చాలా చోట్ల ఉంటది ఈ మాట. అట్టా అయితే తల ఒకే పక్కకి వాలాలి గదా, ఛాన్సెళ్ళేమో కొన్ని కుడికి కొన్ని ఎడమకి తిరిగుంటాయి. అసలు సంగతి కావలి పెద్దాయనే చెప్పగలరు, ఆలోచించండి సార్. ఊరికి ఉండేది ఒక్క చర్చి, ఆదివారం పూజ ఆగకూడదు. పాత ఛాన్సెల్ నిలబడుండగానే దాని బయట చుట్టూ కొత్త గోడ లేపాలి.


కావలి_ఓవర్సీరు:

అర్థమైంది! మధ్యలో పాత గోడ అడ్డముంటే దారం లాగేదెట్టా? సెంటర్ లైన్ దొరకదు. ఈ పక్కన కొలిచి ఆ పక్కన కొలిచి అందాజుగా వేస్తే రెండు మూడు డిగ్రీలు పోద్ది. మాకూ పాత తూము తియ్యకుండా పక్కన కొత్త తూము కట్టమంటే ఇదే గొడవ. సరే, ఆ బిల్లు పాస్ చేస్తుండా.


చెన్నకుంట_నెల్లూరు:

500 ఏళ్ళ తర్వాత బిల్లు పాసయింది 😂 గవర్నమెంటు లెక్కలో ఫాస్టే అంకుల్


కందుకూరు_సుబ్బులు:

నా ఏడ్చే ఛాన్సెల్ పోయింది, ఇప్పుడు నేనే ఏడవాలి. మరి గుండ్రటి టవర్?


ఒంగోలు_ఆర్కిటెక్ట్:

ఆ పక్కన మంచి కట్టుడు రాయి దొరకదు, దొరికేదంతా చెకుముకి రాయి, గుప్పెడంత గుండ్రటి గడ్డలు. వాటితో గోడ లేపొచ్చు గానీ మూల తేల్చడం కష్టం, మూలకి చెక్కిన రాయి కావాలి, అది దూరం నుంచి పడవల మీద తేవాలి. అందుకని మూలల్లేకుండా గుండ్రంగా కట్టారు అనేది ఎక్కువ మంది చెప్పే మాట. దేశం మొత్తం మీద ఇట్టాంటివి 180 పైన మిగిలితే అందులో 120కి పైగా ఆ ఒక్క నార్ఫోక్ జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి రాయికీ దీనికీ సంబంధం ఉందనే అనిపిస్తది. కాకపోతే అదే చర్చికి నేవ్ గోడలకి నాలుగు మూలలున్నాయి గదా, వాటికి దొరికిన రాయి టవర్‌కి దొరకలేదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. నాకూ ఆ అనుమానం ఉంది. గుండ్రటి టవర్ అప్పట్లో ఆ సముద్రపు ఒడ్డు ఊళ్ళ ఫ్యాషన్ కూడా అయ్యుండొచ్చు.

ఓవర్సీరు గారికి నచ్చేది ఒకటి చెప్తా. సఫోక్‌లో వాల్బర్స్‌విక్ అని సముద్రపొడ్డు ఊరు, అక్కడ టవర్ కట్టడానికి 1426లో ఇద్దరు మేస్త్రీలతో రాసుకున్న అగ్రిమెంటు ఇప్పటికీ ఉంది. డ్రాయింగు లేదు ఏమీ లేదు, గోడలు టన్‌స్టల్ ఊరి టవర్ లాగా ఉండాలి, పడమటి వాకిలి, కిటికీలు హేల్స్‌వర్త్ ఊరి దాంట్లా ఉండాలి అని రాసుకున్నారు! కూలి గజం ఎత్తుకి 40 షిల్లింగులు, ఏడాదికో పీపా హెర్రింగ్ చేపలు, మనిషికో గౌను.


కావలి_ఓవర్సీరు:

పక్కూరి రెడ్డిగారి మిద్దె లాగా కట్టు మేస్త్రీ అన్నట్టు! గజం ఎత్తుకి రేటు కరెక్టే, ఎంత లేస్తే అంత బిల్లు. చేపల పీపా మాత్రం మా ఎస్టిమేట్లలో ఏనాడూ చూళ్ళా, ఉంటే నెల్లూరు జిల్లాలో కాంట్రాక్టర్లు క్యూ కట్టేవాళ్ళు.

ఒకటి గమనించా, టవర్ బయట గోడలో వరసగా చదరపు కంతలు పూడ్చినట్టు ఉండాయి. అవి పరంజా కర్రలు దోపిన కంతలే గదా? సున్నంతో కట్టుబడి కాబట్టి ఆరేదాకా ఆగాలి, ఒక్కో ఏడు కొంచెం కొంచెంగానే లేపుంటారు.


ఒంగోలు_ఆర్కిటెక్ట్:

అవే సార్. చలికాలం పని బంద్, గడ్డ కడితే సున్నం పొడైపోద్ది. సగం లేచిన గోడ మీద గడ్డి కప్పి ఇంటికి పోయేవాళ్ళు.


గుండ్లకమ్మ_అమ్మాయి:

లేటుగా చూశా ఈ థ్రెడ్. నేను ఒంగోలు బాప్టిస్టు వాళ్ళ ఇంటి పిల్లని, ఇప్పుడు మాంచెస్టర్‌లో నర్సుని. ఆ తెల్ల గోడల గురించి చెప్పాలి.

మేము చిన్నప్పటి నుంచి చర్చి అంటే తెల్ల గోడ, మధ్యలో వాక్యం, అంతే, బొమ్మలుండవు. ఇక్కడ పాత చర్చిలు చూసి మనలాగే ఉన్నాయే అనుకున్నా, కాదంట, అవి రాయలవారి గుళ్ళ లాగా నేల నుంచి కప్పు దాకా రంగుల బొమ్మలతో ఉండేవంట. ఆర్చి పైన తీర్పు దినం బొమ్మ వేసేవాళ్ళు, ఒక పక్క పరలోకానికి పోయేవాళ్ళు, ఇంకో పక్క నరకం నోట్లోకి పోయేవాళ్ళు, పూజ లాటిన్‌లో జరిగేది కాబట్టి పల్లెటూరి మనిషికి అర్థమయ్యేది ఆ బొమ్మే. ఎడ్వర్డ్ కాలంలో వాటన్నిటి మీదా సున్నం కొట్టించారు. మీరు చూసిన ఎర్ర రంగు అదే అంకుల్, అది గోకబాకండి దయచేసి!

సఫోక్‌లో వెన్‌హాస్టన్ అని ఒక చర్చి ఉంది, అక్కడ ఈ తీర్పు దినం బొమ్మని గోడ మీద కాకుండా చెక్క పలకల మీద వేశారు. సున్నం కొట్టాక అదేందో మర్చిపోయారు. 1892లో రిపేర్లు చేస్తా ఈ తెల్ల పలకలెందుకని పీకి సమాధుల తోటలో పడేశారు, ఆ రాత్రి వానొచ్చింది, తెల్లారేసరికి సున్నం కరిగి లోపలి బొమ్మ బయటపడింది! ఇంకో సంగతి, ఆ బొమ్మలో మధ్యలో మూడు చోట్ల రంగు లేదు, మనిషి ఆకారంలో ఖాళీ, ఎందుకంటే ఇందాక అన్న చెప్పిన సిలువ, మరియమ్మ, యోహాను విగ్రహాలు అక్కడ ముందు నిలబడుండేవి, వాటి వెనక రంగెందుకని వెయ్యలేదు. విగ్రహాలు పోయి 450 ఏళ్ళు దాటినా వాటి జాగా మాత్రం అట్టానే ఉంది. నేను అక్కడ నిలబడి ఏడ్చేశా, ఎందుకో చెప్పలేను, మా మతంలో అయితే విగ్రహాలు పీకడం తప్పు కాదు కూడాను.


చెన్నకుంట_నెల్లూరు:

అక్కా ఒక డౌటు, తప్పుగా అనుకోబాక. వాకిలి దగ్గర రాతి తొట్టి ఉంటది గదా, అందులో మనిషి పట్టడు, బాప్టిజం ఎట్టా ఇస్తారు?


గుండ్లకమ్మ_అమ్మాయి:

వాళ్ళది చంటిబిడ్డలకిచ్చే బాప్టిజం తమ్ముడూ, మాది పెద్దయ్యాక నీళ్ళలో పూర్తిగా ముంచేది. మా తాతమ్మ వాళ్ళ వైపు అందరూ గుండ్లకమ్మ ఏట్లో తీసుకున్నోళ్ళే. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారని మా ఒంగోలులో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. ఓవర్సీరు గారూ, ఆ మిషనరీ క్లౌ దొర అంతకుముందు కరువులో జనానికి కూలి దొరకాలని మన బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు, మీ డిపార్టుమెంటు మనిషే ఒక రకంగా 🙂

ఆ రాతి తొట్టికి మూత ఉందేమో చూడండి, అంచు మీద ఇనప కొక్కెం విరిగిన గుర్తులు ఉంటాయి చాలా వాటికి. 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు తొట్లకి మూతపెట్టి తాళం వెయ్యమన్నాడు, ఆ నీళ్ళు ఎత్తుకుపోయి చేతబడికి వాడుతున్నారని భయం.


కందుకూరు_సుబ్బులు:

చేతబడి అక్కడా ఉందా 😳 ఇంత చిన్న ఊళ్ళకి ఇంత ఖర్చు ఎవరు పెట్టారు అసలు? మాన్యాలుండేవా మన గుళ్ళకి మల్లే?


ఒంగోలు_ఆర్కిటెక్ట్:

మాన్యమూ ఉండేది, దశమభాగమూ ఉండేది, పండిన దాంట్లో పదోవంతు, ధాన్యం, ఉన్ని, గొర్రెపిల్లలతో సహా. ఖర్చు మాత్రం గీత గీసి పంచుకున్నారు. ఛాన్సెల్ రిపేరు దశమభాగం తినేవాడిది, నేవ్, టవర్ రిపేరు ఊరోళ్ళది. అందుకే చాలా ఊళ్ళలో నేవ్ ఎత్తుగా, ఆడంబరంగా ఉంటది, ఛాన్సెల్ పాతగా చిన్నగా ముడుచుకునుంటది. దశమభాగం తినేది ఎక్కడో ఉన్న మఠం, వాళ్ళకి ఈ ఊరి మీద ప్రేమెందుకుంటది? ఊరోడికైతే పక్కూరి టవర్ కంటే మనది ఎత్తుండాలి అని పంతం.

దీని మీద నవ్వాలో ఏడవాలో తెలియని కేసొకటుంది. హెన్రీ 1536 నుంచి నాలుగేళ్ళలో మఠాలన్నీ మూయించి భూములమ్మేశాడు గదా, ఆ బాధ్యత భూమితో పాటే చేతులు మారతా వచ్చింది. వార్విక్‌షైర్‌లో ఆస్టన్ కాంట్లో అనే ఊళ్ళో ఒక జంటకి పొలం ఉంది, ఎప్పుడో 18వ శతాబ్దంలో పొలాల పంపకమప్పుడు దశమభాగానికి బదులుగా ఇచ్చిన భూమి అది. చర్చి వాళ్ళు వచ్చి ఛాన్సెల్ రిపేరు మీదే అన్నారు. కోర్టుకి పోతే 2003లో అప్పటి పైకోర్టు, అంటే హౌస్ ఆఫ్ లార్డ్స్, కట్టాల్సిందే అంది, చివరికి తేలిన రిపేరు బిల్లు 1,86,000 పౌండ్ల పైచిలుకు, లాయరు ఫీజులు దీనికి వేరే. అప్పటి నుంచి అక్కడ ఇల్లు కొనేటప్పుడు ఛాన్సెల్ బాకీ ఉందేమో అని కూడా వెతికిస్తారు, మనం ఈసీ తీయించినట్టు.


చెన్నకుంట_నెల్లూరు:

ఓర్నాయనో. మన దగ్గర గుడి మాన్యం మనోళ్ళు తింటారు, ఆడ మాన్యం మనుషుల్ని తింటది.


గుండ్లకమ్మ_అమ్మాయి:

😂 ఒకటి మర్చిపోయా. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఆష్‌వెల్ చర్చి టవర్ గోడ మీద లోపలి వైపు ఎవరో మేకుతో గీకి రాశారు లాటిన్‌లో. 1349లో పెద్ద ప్లేగు, ఊళ్ళల్లో మూడోవంతు నుంచి సగం దాకా జనం పోయారు. దాని గురించి, మిగిలింది పనికిరాని జనమే అని ఒక లైను, ఆ తర్వాత 1361 గాలివాన గురించి ఇంకో లైను. కరోనా అప్పుడు డ్యూటీ చేసి వచ్చి ఆ గోడ ముందు నిలబడితే చెయ్యి పెట్టి తడమాలనిపించింది, తడమలేదు లెండి, బోర్డు పెట్టారు. అంకుల్ మీరు ఫోన్ లైటు గోడకి పక్కగా పెట్టి చూడండి, ఎదురుగా వేస్తే కనపడవు, పక్కనుంచి వేస్తే గీతలు లేస్తాయి.


కావలి_ఓవర్సీరు:

అందరికీ దణ్ణం. నిన్న మళ్ళీ అదే చర్చికి పోయా. పూలు సర్దే ముసలావిడ ఉంది, నా వచ్చీరాని ఇంగ్లీషులో మెట్లు, మెట్లు అని చూపిస్తే నవ్వి తాడు తీసింది. పదకొండు మెట్లు. అరిగి మధ్యలో గుంటలు పడ్డాయి, కాళ్ళే అరగదీశాయి గదా అవి, అటక పీకినాక ఎవురూ ఎక్కలేదనుకుంటే అంతకుముందే అంత అరిగుండాలి. పై వాకిట్లో నిలబడి చూస్తే ఎదురుగా ఆర్చికి అవతలి పక్క గోడలో, నా ఎత్తులోనే, అడుగు చదరం కంత పూడ్చుంది. దూలం తల దోపిన చోటు. ఇటు పక్క చేత్తో తడిమితే ఇంకోటి ఉంది. రెండూ ఒకే మట్టం, నేను గీత వేసి చూశా, తేడా లేదు. ఛాన్సెల్ వంకరేసిన ఊరోళ్ళే మట్టం మాత్రం తప్పలేదు.

లైటు పక్కగా పెట్టి గోడ కూడా చూశా, అక్షరాలు లేవు గానీ చిన్న పడవ బొమ్మ ఒకటి గీకుండారు, తెరచాపతో సహా. ఫోటో అమ్మాయి వచ్చినాక పెట్టిస్తా, నాకు అప్‌లోడు రాదు.

వచ్చే ఆదివారం రాన్వర్త్ పోదామని అల్లుడితో అన్నా, ఒప్పుకున్నాడు.


ఒంగోలు_ఆర్కిటెక్ట్:

దూలం కంతలు దొరికాయా! అవి చాలామంది చూడకుండానే వచ్చేస్తారు సార్. రాన్వర్త్‌లో స్క్రీన్ కింది పలకల మీద మొహాలు దగ్గరగా చూడండి. టవర్ కూడా ఎక్కనిస్తారు, పైనుంచి చెరువులన్నీ కనపడతాయి, కానీ 89 మెట్లు, ఆ పైన నిచ్చెనలు, చివర తల పట్టేంత కంత. మోకాళ్ళ నొప్పులుంటే అమ్మగారిని కింద టీ కొట్టు దగ్గరే కూర్చోబెట్టండి.


కావలి_ఓవర్సీరు:

ఆమెకి కాదు నొప్పులు, నాకు. ఆమెని ఎక్కించి నేను కింద కూర్చుంటా, ఫోటోలు ఆమే తీసుకొస్తది.